గుడాకు మానేశాక అమ్మ చిగుళ్ళ నుంచి నెత్తురు ఎక్కువైంది, ఏం చేయాలి?

ఒడిశాలోని గుణుపురం దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెబుతాను. వాళ్ళ అమ్మకి యాభై నాలుగేళ్ళు. గుడాకు, అంటే చిగుళ్ళ మీద రుద్దుకునే పొగాకు ముద్ద, అలవాటై ఇరవై ఏళ్ళ పైమాటే. ఆరేళ్ళుగా షుగరుంది, బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నారు. కూతురు పోరు పడలేక మూడు వారాల కిందట గుడాకు మానేశారు. అప్పటినుంచి చిగుళ్ళు ఉబ్బి ఎర్రబడ్డాయి, బ్రష్ పెడితే నెత్తురు. "గుడాకు ఉన్నన్నాళ్ళూ ఒక్క బొట్టు నెత్తురు సూడ్లేదు. నువ్వే మానిపించి నా పళ్ళు పాడుసేసినావు" అని అమ్మ రోజూ దెప్పుతున్నారట. ఇంట్లో ఏం చేయొచ్చు, లవంగ నూనె రాయొచ్చా, మెడికల్ షాపులో ఏ మాత్ర అడగాలి అని ఈ అమ్మాయి అడిగింది. కడుపుతో ఉన్న వదిన చిగుళ్ళ గురించి, తమ్ముడికి దవడ చివర వాపు గురించి కూడా చివర్లో అడిగింది.

ముందు ఒక్క మాటలో జవాబు చెప్పేస్తానమ్మా. మీరు చేసింది తప్పు కాదు. మీ అమ్మగారి చిగుళ్ళ జబ్బు మూడు వారాల కిందట పుట్టింది కాదు, ఏళ్ళ తరబడి లోపల ఉన్నదే. గుడాకు దాన్ని కప్పిపెట్టింది. కప్పు తీసేసరికి బయటికి కనిపిస్తోంది. మళ్ళీ గుడాకు రాస్తే నెత్తురు ఆగినట్టే ఉంటుంది, పళ్ళు మాత్రం ఊడిపోతాయి.

నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళ నుంచి పళ్ళ వైద్యం చేస్తున్నాను. ఇటు కాశీనగరం, గుణుపురం వాళ్ళు, అటు పాతపట్నం వాళ్ళు, కొండమీది సవర పల్లెల వాళ్ళు వస్తారు. ఒకరు "చిగురు వాసింది బాబూ" అంటారు, ఇంకొకరు అదే మాట ఒడియాలో "మాఢి ఫులిఛి" అంటారు. ఏ భాషలో చెప్పినా నోరు తెరిస్తే నాకు కనిపించేది చాలావరకు ఒకటే: పంటికీ చిగురుకీ మధ్య పేరుకున్న పాచి, దాని మీద గట్టిపడ్డ గార, దాని పక్కన ఉబ్బిన చిగురు.

ఇంటి వైద్యం సంగతికి వెళ్ళేముందు కొన్ని లక్షణాలు చెబుతాను, వీటిలో ఏ ఒక్కటున్నా ఇది చదవడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. వాపు చిగురు దాటి బుగ్గకో, దవడ కిందికో, మెడకో దిగడం. నోరు సరిగా తెరుచుకోకపోవడం. మింగడానికి కష్టం కావడం, నాలుక పైకి లేచినట్టుండడం, ఊపిరి ఇబ్బంది. చలి జ్వరం. దవడ కింద వాపు గొంతు వైపు దిగితే గంటల్లో ఊపిరికి అడ్డం పడొచ్చు, తెల్లారాక చూద్దాంలే అనుకునే జబ్బు కాదది. చిగుళ్ళ నెత్తురుతో పాటు ఒంటి మీద కమిలిన మచ్చలు, నీరసం, విడవని జ్వరం ఉంటే రక్త పరీక్ష చేయించాలి. కొన్ని రక్త కాన్సర్లు మొదట చిగుళ్ళలోనే బయటపడతాయి. మీరు రాసినదాన్నిబట్టి అమ్మగారికి ఇవేవీ లేవు, కాబట్టి నిదానంగా మాట్లాడుకుందాం.

గుడాకు గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, మన వైపు చిగుళ్ళ కథ అక్కడే మొదలవుతుంది కనుక. పొగాకుని బెల్లపు మడ్డితో కలిపి చేసిన నల్లటి ముద్ద అది. చిన్న డబ్బాలో వస్తుంది. చూపుడు వేలికి కాస్త అద్దుకుని, వీధి అరుగు మీద గొంతుక్కూర్చుని, పక్కింటావిడతో కబుర్లాడుతూ పావుగంట, అరగంట చిగుళ్ళ మీద రుద్దుతారు. పొద్దున్న ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. చాలామంది దీన్ని పళ్ళు తోముకోవడమే అనుకుంటారు. మత్తు అనుకోరు. ఎవరినైనా "పొగాకు అలవాటుందా అమ్మా" అని అడిగితే "లేదు బాబూ" అంటారు. "గుడాకు?" అంటే "అదెందుకు నేదు, పళ్ళకి రాస్తాను కదా" అంటారు. అందుకే నేను ఇప్పుడు రెండు ప్రశ్నలూ విడివిడిగా అడుగుతాను. పొగాకు కలిపిన పళ్ళపొడినీ టూత్‌పేస్టునూ మన దేశంలో 1992లోనే నిషేధించారు. గుడాకు మాత్రం పొగాకు సరుకుగా కిరాణా కొట్లో దొరుకుతూనే ఉంది.

పొగాకులో ఉండే నికోటిన్ చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాలను బిగదీస్తుంది. నెత్తురు ప్రవాహం తగ్గుతుంది. చిగురు పాలిపోయి, గట్టిగా, చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. లోపల ఎముక అరిగిపోతున్నా పైకి బొట్టు నెత్తురు రాదు. సిగరెట్ తాగేవాళ్ళలో చిగుళ్ళ నెత్తురు తక్కువగా కనిపించడం, మానేసిన కొన్ని వారాలకి ఎక్కువ కావడం దంతవైద్యులందరికీ తెలిసిన విషయమే. గుడాకు మానినవాళ్ళలో కూడా నా కుర్చీలో అదే చూశాను. నాళాలు మళ్ళీ తెరుచుకుంటాయి, ఒళ్ళు అక్కడి క్రిములతో పోరాటం మొదలుపెడుతుంది, ఆ పోరాటమే ఎరుపు, వాపు, నెత్తురు. అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: "ఇన్నాళ్ళూ నీ చిగురు తిమ్మిరెక్కి పడుందమ్మా, ఇప్పుడు తెలివొచ్చి ఏడుస్తోంది." మా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళకి నేను చెప్పేది ఇదే. నవ్వుతారు, కానీ గుర్తుంచుకుంటారు.

ఇక నెత్తురెందుకొస్తుందో చూద్దాం. పళ్ళు తోముకున్న కొద్ది గంటలకే పంటి మీద కంటికి కనపడని జిగురు పొర మొదలవుతుంది. అదే పాచి. ఒక రోజు దాటితే గోటితో గీకితే తెల్లగా వస్తుంది. తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని సున్నం లాంటి ఖనిజాలు చేరి రాయిలా గట్టిపడుతుంది. అది గార. పాచిని బ్రష్ తీస్తుంది, గారని ఏ బ్రష్షూ తీయలేదు. ఈ తేడా తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Löe) అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు పన్నెండు మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోముకోవడం మాన్పించి చూశారు. పది నుంచి ఇరవయ్యొక్క రోజుల్లో పన్నెండు మందికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలైపోయాయి. ఏ మందూ లేదు. గార కట్టకముందు, ఎముక అరగకముందు చిగుళ్ళ వాపు ఇంట్లోనే తగ్గుతుందని చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు నాకు తెలీదు. అమ్మగారికి ఇరవై ఏళ్ళ గార ఉంటుంది కాబట్టి ఆమెకి ఇల్లొక్కటే సరిపోదు, ఆ సంగతి తరవాత చెబుతాను.

నెత్తురొస్తోందని తోమడం మానేయడం అందరూ చేసే పొరపాటు. నెత్తురొచ్చే చోటే పాచి ఉంది. అక్కడే తోమాలి. ఎలాగంటే, చాలా మెత్తటి బ్రష్ కొనండి, అట్ట మీద 'ఎక్స్‌ట్రా సాఫ్ట్' అని ఉంటుంది. వాపు ఉన్న మొదటి వారం దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో ఒక నిమిషం ముంచితే కుచ్చు ఇంకా మెత్తబడుతుంది. అద్దం ముందు వెలుతురులో నిలబెట్టండి. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా కాస్త ఏటవాలుగా ఆనించాలి, పై పళ్ళకి పైకి చూసేలా, కింది పళ్ళకి కిందికి చూసేలా. ఆనించిన చోటే ఒక బియ్యపు గింజంత మేర అటూ ఇటూ పది పదిహేను సార్లు సన్నగా కదపాలి. తరవాత చిగురు నుంచి పంటి కొస వైపు ఊడ్చాలి. మళ్ళీ పక్క రెండు పళ్ళు. బ్రష్‌ని పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోవాలి. పిడికిలితో పట్టుకుంటే అంట్లు తోమినట్టు తోముతారు, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. లోపలి వైపు, ముఖ్యంగా కింది ముందు పళ్ళ వెనక, నాలుక తగిలే చోట ఎక్కువ గార కడుతుంది, అక్కడ బ్రష్‌ని నిలువుగా పెట్టి పైకి లాగాలి. మొత్తం నోటికి రెండు నిమిషాలు. రోజూ రెండుసార్లు. ఒక్కసారే కుదురుతుందంటే రాత్రి పడుకునే ముందు తోముకోమంటాను, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి.

పేస్టు ఏదైనా ఫ్లోరైడ్ ఉన్నది చాలు. ఎర్రపేస్టా తెల్లపేస్టా, లవంగం ఉందా ఉప్పుందా అన్నది ప్రకటనల గొడవ. తోముతున్న చెయ్యే ముఖ్యం. గుడాకు మానినవాళ్ళకి వేలికి పనిలేక తోచదు, పేస్టుని వేలితో రుద్దేస్తారు. వేలు చిగురు అంచులోకి దూరదు, పళ్ళ సందుల్లోకి అసలే దూరదు.

వేప పుల్ల, కానుగ పుల్ల సంగతి అడిగేవాళ్ళున్నారు. బాగా నమిలి కొసని కుచ్చులా చేసుకుని నిలువుగా తోముకుంటే పనికొస్తుంది. మా తాత డెబ్బై ఎనిమిదేళ్ళకి కూడా వేప పుల్లతోనే చెరుకు నమిలే పళ్ళు కాపాడుకున్నాడు. కానీ ఆయనకి ఓ గంట తీరిక ఉండేది. గట్టి పుల్లతో అడ్డంగా పరపరా లాగితే చిగురు చీరుకుపోయి కిందికి జారుతుంది, పంటి మెడ దగ్గర గాడి పడుతుంది. బొగ్గు పొడి, ఇటుక పొడి, బూడిద, ఉత్త ఉప్పు వద్దే వద్దు. పంటి మీది పింగాణీ పొర అరిగితే మళ్ళీ రాదు.

పళ్ళ సందుల్లో బ్రష్ దూరదు. అమ్మగారి వయసుకి, గుడాకు వాడకానికి సందులు పెద్దవై ఉంటాయి, కాబట్టి సందుల్లో లాగే దారం (ఫ్లాస్) కన్నా సందు బ్రష్ (ఇంటర్‌డెంటల్ బ్రష్) సులువు. సీసాలు కడిగే బ్రష్‌ని బొమ్మలా చిన్నది చేసినట్టుంటుంది. పెద్ద మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, రాయగడలోనో బరంపురంలోనో తప్పకుండా దొరుకుతుంది. బలవంతంగా దూర్చకూడదు. దూరకపోతే ఇంకా సన్న సైజు తీసుకోవాలి. మొదటి వారం సందు బ్రష్ ఎర్రగా బయటికొస్తుంది, భయపడొద్దు. రోజూ చేస్తే పది రోజులకి ఎరుపు తగ్గిపోతుంది. తగ్గకపోతే లోపల గార ఉన్నట్టు.

ఇప్పుడు వంటింటి వైద్యం. ఉప్పు నీళ్ళకి నా ఓటు. ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో. అర నిమిషం నోట్లో అటూ ఇటూ తిప్పి ఉమ్మేయాలి, రోజుకి మూడు నాలుగుసార్లు, ముఖ్యంగా తిన్నాక. వాపు, నొప్పి కొంత తగ్గుతాయి, నోట్లో మిగిలిన మెతుకులు కొట్టుకుపోతాయి. బీపీ ఉంది కదా అని భయపడతారు, మింగకుండా ఉమ్మేస్తే ఫరవాలేదు. ఉప్పు ఎక్కువైతే పుండు మంట పుడుతుంది, ఎక్కువ వేస్తే ఎక్కువ గుణం అనుకోవద్దు. పసుపుకి వాపు తగ్గించే గుణం కొంత ఉంది, చిటికెడు పసుపు నీళ్ళలో కలిపి పుక్కిలిస్తే నష్టం లేదు. ఆవనూనె, ఉప్పు కలిపి చిగుళ్ళకి రాయడం ఒడియా ఇళ్ళలో ఎక్కువ. మెత్తగా రాస్తే అభ్యంతరం లేదు, ఉప్పు రవ్వలతో గట్టిగా రుద్దితే చిగురు ఒరుసుకుపోతుంది. నువ్వుల నూనె పుక్కిలించడం కూడా అంతే, చేస్తే చేయండి, బ్రష్ మానకండి. పైన బుగ్గకి వాపుంటే గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పది నిమిషాలు పెట్టొచ్చు. బుగ్గ వాపుకి వేడి కాపడం పెట్టొద్దు.

లవంగ నూనె విషయంలో మాత్రం జాగ్రత్త. అది పుచ్చు పన్ను నొప్పికి కాసేపు తిమ్మిరెక్కించే మందు. వాచిన చిగురు మీద నేరుగా పోస్తే కాలుతుంది. ఒకాయన ముందు రాత్రి నొప్పి భరించలేక దూదిని లవంగ నూనెలో నానబెట్టి పంటి పక్కన పెట్టుకుని నిద్రపోయాడు. తెల్లారేసరికి ఆ దూది ఉన్న మేరకి చిగురు, బుగ్గ లోపలి భాగం తెల్లగా ఉడికినట్టు పొర లేచింది. నా దగ్గరికొచ్చింది పన్ను కోసం, నేను వారం రోజులు కాలిన పుండుకి వైద్యం చేశాను. ఆస్పిరిన్ మాత్రని చిగురు మీద పెట్టుకునేవాళ్ళకీ ఇదే జరుగుతుంది. మాత్రని మింగాలి, పంటి పక్కన దాచకూడదు. నొప్పి నివారణ బామ్‌లు, కర్పూరం, సున్నం, బాటరీ నీళ్ళు, ఇవన్నీ కూడా నోటికి సంబంధం లేని వస్తువులు. నవ్వకండి, అన్నీ చూసినవే.

మౌత్‌వాష్ గురించి: క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం ఉన్నది పనిచేస్తుంది. పది మిల్లీలీటర్లు, అర నిమిషం నుంచి ఒక నిమిషం, రోజుకి రెండుసార్లు, రెండు వారాలు మించకుండా. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే పేస్టులోని నురుగు పదార్థం దాని బలం తగ్గిస్తుంది, అరగంట ఆగాలి. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, టీ ఎక్కువ తాగేవాళ్ళకి మరీనూ. రుచి కొన్నాళ్ళు తేడాగా ఉంటుంది. నెలల తరబడి సీసా మీద సీసా వాడేవాళ్ళున్నారు, అవసరం లేదు.

మెడికల్ షాపులో ఏ మాత్ర అడగాలి అన్నారు. పారాసిటమాల్ తప్ప ఏదీ అడగొద్దు. అది కూడా నొప్పి ఉంటేనే, 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటల తేడాతో. కాలేయం జబ్బున్నవాళ్ళు అది కూడా డాక్టర్ని అడిగాకే. షాపుల్లో ఒక పొట్లం కట్టిస్తారు, అందులో ఒక యాంటిబయాటిక్, ఒక నొప్పి మాత్ర, ఒక చిన్న తెల్ల మాత్ర ఉంటాయి. ఆ చిన్నది చాలాసార్లు స్టెరాయిడ్. ఒక్క రోజులో వాపు మాయమవుతుంది, మీ అమ్మగారి షుగరు ఎక్కడికో వెళ్ళిపోతుంది. మామూలు చిగుళ్ళ వాపుకి యాంటిబయాటిక్ పనిలేదు. గార అక్కడే ఉండగా మందు వేస్తే రెండు వారాల్లో మళ్ళీ మొదటికే వస్తుంది. ఇంకోమాట, చిగుళ్ళకని ఇచ్చే మెట్రోనిడజోల్ వేసుకుంటూ ఇప్పసారా తాగితే వాంతులు, గుండెదడ పట్టుకుంటాయని మందుల అట్టల మీదే హెచ్చరిక ఉంటుంది. మన వైపు పండగల్లో ఇది చిన్న విషయం కాదు. మీ ఇంటికి వర్తించకపోవచ్చు, చదివే ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా పట్టుకున్న మాట 'బీపీ మాత్ర'. దాని పేరు రాయలేదు. స్ట్రిప్ వెనక ఆమ్లోడిపిన్ అని గానీ నిఫెడిపిన్ అని గానీ ఉందేమో చూడండి. ఈ జాతి మాత్రలు కొంతమందిలో చిగుళ్ళని పెంచుతాయి. ముందు పళ్ళ మధ్య ఉండే త్రికోణం లాంటి చిగురు ముక్క ముందు లావవుతుంది, చిన్న చిన్న బుడిపెల్లా పన్ను మీదికి ఎక్కుతుంది. అది గట్టిగా, గులాబి రంగులో ఉంటే మాత్ర వల్ల పెరుగుదల, మెత్తగా, ఎర్రగా, ముట్టుకుంటే నెత్తురు కారితే పాచి వల్ల వాపు. రెండూ కలిసి ఉండొచ్చు. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ కూడా ఇలాగే చేస్తుంది. నేను కొత్తలో ఒక పెద్దాయనకి ఏడాదిలో మూడుసార్లు గార తీశాను. ప్రతిసారీ చిగురు మళ్ళీ పెరిగేది, ఆయన సరిగా తోముకోవడం లేదని నేనే ఆయన మీద విసుక్కున్నాను. నాలుగోసారి ఆయన కోడలు సంచిలోంచి మందుల స్ట్రిప్పులు తీసి బల్ల మీద పరిచాక గాని నా బుర్ర వెలగలేదు. ఆయన బీపీ డాక్టరుకి చీటీ రాశాను, మాత్ర మార్చారు, కొన్ని నెలల్లో చాలామటుకు తగ్గింది. ఆ పెద్దాయనకి క్షమాపణ చెప్పాను. మీరు మాత్రం సొంతంగా బీపీ మాత్ర ఆపొద్దు, ఒక్క రోజు కూడా. రాసిన డాక్టర్నే అడగండి.

షుగరు సంగతి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టం. ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈమధ్య చేయించకపోతే చేయించండి, ఆ కాగితం పళ్ళ డాక్టరుకి కూడా చూపించండి. చిగుళ్ళ వైద్యం చేయించుకున్నాక చాలామందికి ఆ అంకె కొద్దిగా దిగుతుంది.

గార తీయించడం తప్పదు. దీని మీద మన ఊళ్ళలో ఉన్న భయం అంతా ఇంతా కాదు. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయి" అంటారు. ఇలా జరుగుతుంది: ఎముక అరిగిపోయి పన్ను అప్పటికే వదులై ఉంటుంది, గార సిమెంటులా పక్క పన్నుతో కలిపి పట్టి ఉంచుతుంది. గార తీయగానే ఖాళీ, కదలిక రెండూ తెలుస్తాయి. చిగురు వాపు తీసి బిగిశాక చాలా పళ్ళు కొంత గట్టిపడతాయి. కొన్ని గట్టిపడవు, అది గార తీసినందుకు కాదు, ఆలస్యంగా తీసినందుకు. మిషన్ చేసే పని గీకడం కాదు, సన్నటి మొనని వేగంగా అదిరించి గార పెచ్చుల్ని రాల్చడం, నీళ్ళు చిమ్ముతుంటాయి. తరవాత నాలుగైదు రోజులు చల్లటి నీళ్ళు జివ్వుమంటాయి. అమ్మగారికి ఒక్కసారితో అవదు, లోతుగా రెండు మూడు దఫాలు చేయాల్సి రావచ్చు. గుణుపురం సబ్ డివిజనల్ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో ముందు కనుక్కోండి. పెద్ద వైద్యం కావాలంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. షుగరున్నవాళ్ళు పొద్దున్న టిఫిన్ తిని, మాత్ర వేసుకుని వెళ్ళాలి. ఖాళీ కడుపుతో లైన్లో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళున్నారు.

ఆ డాక్టరుని ఇంకో పని చేయమనండి, నోరంతా చూడమనండి. గుడాకు పెట్టుకున్న చోట తెల్లటి మందపాటి మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉన్నాయేమో చూడాలి. ఇంట్లో అడ్డపొగ అలవాటున్న ముసలమ్మ ఎవరైనా ఉంటే, అదే, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్ళు, వాళ్ళ అంగిలి కూడా చూపించండి. శ్రీకాకుళం, గంజాం తీరంలో ఇది మన ఆడవాళ్ళకి పాత అలవాటు, అంగిలి మీద కాన్సర్‌కి దారి తీస్తుంది.

కడుపుతో ఉన్న మీ వదిన గురించి మీరు చివర్లో అడిగారు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కొంచెం పాచికే చిగుళ్ళు బాగా వాస్తాయి, రెండో నెల నుంచి ఎనిమిదో నెల దాకా. ఉప్పు నీళ్ళు, మెత్తటి బ్రష్ ఇక్కడా అంతే. గార తీయించుకోవచ్చు, నాలుగు, అయిదు, ఆరు నెలలు అనువైనవి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు. వాంతి అయిన వెంటనే పళ్ళు తోమొద్దు, నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాలి. ఇక మీ తమ్ముడికి దవడ చివర ఒక్క చోటే వాపంటే అది జ్ఞానదంతం మీది చిగురు కావచ్చు, కింద మెతుకులు ఇరుక్కుంటాయి. ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తూ రెండు రోజుల్లో తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి.

మళ్ళీ అమ్మగారి దగ్గరికొస్తాను. మూడు వారాలు గుడాకు లేకుండా ఉన్నారంటే కష్టమైన భాగం దాటేసినట్టే. ఆమెకి ఇప్పుడు తోచనిది గుడాకు కన్నా ఎక్కువగా మధ్యాహ్నం ఆ అరుగు మీద గడిపే అరగంట అయి ఉంటుంది. అందరూ వేళ్ళు నోట్లో పెట్టుకుని కూర్చుంటే ఈవిడ ఒక్కతీ ఖాళీ చేతులతో ఎలా కూర్చుంటుంది? వేయించిన ధనియాలో, సోంపో కొంగున కట్టి ఇవ్వండి. వక్క వద్దు, అది ఇంకో రోగం. మెంతి గింజలు నానబెట్టి ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, చేదుకి నోరు ముడుచుకుపోయి గుడాకు ఊసెత్తరని వాళ్ళ లెక్క. మళ్ళీ మనసు లాగితే పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 ఉంది. దెప్పడం మాత్రం మీరు తిప్పికొట్టకండి. "నీ పళ్ళ కోసమే" అని నాలుగుసార్లు అంటే అయిదోసారి డబ్బా పోపుల పెట్టె వెనక తేలుతుంది.

ఈ రాత్రి నుంచి మెత్తటి బ్రష్, ఉప్పు నీళ్ళు మొదలుపెట్టించండి. పై పెదవి ఎత్తి ముందు పళ్ళ చిగుళ్ళని ఫోన్‌లో ఒక ఫోటో తీసి ఉంచుకోండి, పది రోజుల తరవాత అదే వెలుతురులో ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి అమ్మగారికే చూపించండి. ఈలోగా ఆ బీపీ మాత్ర పేరు చూసి నాకు రాయండి.